సవర నేర్చుకున్న పంతులు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరుతో గిడుగు వెంకట రామమూర్తి చిత్రపటానికి పూలమాలలు పడతాయి. ఇంగ్లీషు మాధ్యమం వద్దనేవారు ఆ రోజు ఆయన పేరే వల్లిస్తారు. ఇంగ్లీషు మాధ్యమం కావాలనే దళిత బహుజన పక్షం ఆ పటాన్ని కొంత అనుమానంగా చూస్తుంది. ఆంగ్ల బోధనలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పని మీద జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల బడుల్లో తిరిగే నేను ఈ రెండో పక్షం వాణ్ని. అయినా గిడుగును అవతలి పక్షానికి వదిలేయడానికి నాకు మనసొప్పదు. రెండో భాష నేర్పడం ఎలాగన్న ప్రశ్నకు తెలుగు నేలపై ఆచరణలో జవాబు వెతికిన తొలి తరం వారిలో ఆయనొకరు.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. చిన్నపాటి రెవెన్యూ ఉద్యోగం చేసే తండ్రి వీర్రాజు 1875లో చనిపోయారు. విజయనగరం మహారాజావారి పాఠశాలలో గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ అయిన వెంటనే, 1880లో, పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బీఏ పూర్తిచేసి కళాశాల అధ్యాపకుడయ్యారు. ఆ కులంలో పుట్టి, ఆ కొలువులో కుదురుకున్న మనిషి అంతటితో ఆగిపోయి ఉంటే అడిగేవారెవరూ లేరు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష తెలుగు కుటుంబానికి చెందినది కాదు, ముండా కుటుంబానికి చెందినది. అప్పట్లో దానికి రాత లేదు. సంతకు దిగివచ్చిన సవరను షావుకారూ సర్కారు గుమాస్తా ఇద్దరూ మోసగించేవారంటే, సవరకు వారి భాష రాకపోవడం, వారికి సవర భాష పట్టకపోవడం అందుకు ఒక కారణం. ఆ అంతరాన్ని పూడ్చడానికి గిడుగు సవరలకు తెలుగు నేర్పడంతో మొదలుపెట్టలేదు. తానే సవర నేర్చుకున్నారు. రెండు భాషలూ తెలిసిన మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. 1890ల నాటి అగ్రకుల గృహంలో ఇది ఎంత పెద్ద విషయమో ఈ పేజీ పాఠకులకు వివరించనక్కరలేదు. ఆ ఇంట గురువు స్థానం ఎవరిదో, శిష్యుడి స్థానం ఎవరిదో గమనిస్తే చాలు.

ఆ తరువాత సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే, అది తనకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారని ఆయన జీవితకథలు చెబుతున్నాయి. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వినికిడిని తీసేసింది. ధ్వనుల మీదే బతుకంతా పనిచేసిన మనిషికి చెవులు పోయాయి.

వ్యావహారిక భాషోద్యమం ఈ పని తరువాత వచ్చిందని మన పాఠ్యపుస్తకాలు గట్టిగా చెప్పవు. 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారుల పాఠశాలల తనిఖీకి వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు తెలుగు నేర్చుకుంటూ ఒక చిక్కులో పడ్డాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు మరొకటి. విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు ఆ ప్రశ్నను అందిపుచ్చుకున్నారు. అదే కాలంలో ఐరోపాలో హెన్రీ స్వీట్, ఓటో యెస్పర్సన్ వంటివారు పరభాషా బోధనను తలకిందులు చేస్తున్నారు. ముందు నోటి మాట, ఆ తరువాత రాత. ముందు వాడుక, ఆ తరువాత సూత్రం. నేటి ఆంగ్ల బోధన పద్ధతుల్లో చాలావాటికి మూలం అక్కడుంది. గిడుగు వారి గ్రంథాలు చదివారు. అందులోని సారం సవర పిల్లల మధ్య ఆయనకు అప్పటికే అనుభవంలోకి వచ్చి ఉంటుందని నా నమ్మకం.

గ్రాంథికవాదులతో పోరు దీర్ఘంగా సాగింది. జయంతి రామయ్య వంటివారు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించి ఎదురు నిలిచారు. విద్యార్థి పరీక్షలో ఏ తెలుగు రాయాలన్నది తగువు. గిడుగు వాదన ప్రధానంగా భాషాశాస్త్రం మీద నడిచింది, కులం మీద కాదు. కానీ దాని ఫలితం కులంతో ముడిపడి ఉంది. ఇంట్లో పురాణ కాలక్షేపం జరిగే పిల్లవాడికి గ్రాంథికం సగం తెలిసిన భాష. తొలిసారి పలక పట్టిన కూలివాని బిడ్డకు అది పరాయి భాష. ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం.

అయితే ఇక్కడే గిడుగుతో నా పేచీ కూడా ఉంది. ఆయన నిలబెట్టినది శిష్ట వ్యావహారికం. ఆ శిష్టులు ఎవరు? చదువుకున్న పై కులాల వారు, అందులోనూ ఎక్కువగా కోస్తా వారు. మాల మాదిగ వాడల మాట, తెలంగాణ మాట ఆ గీతకు బయటే ఉండిపోయాయి. జాను తెనుగును ఎత్తిపట్టిన పాల్కురికి సోమనాథుడి పేరు ముడిపడిన పాలకుర్తి జనగామ జిల్లాలోనే ఉంది. ఆ జిల్లా పిల్లలు కూడా ఇంటి మాట తప్పనీ, పుస్తకంలోని మాటే ఒప్పనీ నేర్చుకుంటూ పెరిగారు. సవరను సవరగా గౌరవించిన మనిషి తెలుగు దగ్గరికి వచ్చేసరికి శిష్టుల గుమ్మం దగ్గర ఆగడం ఆయన జీవితంలోని పెద్ద వైరుధ్యం.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. రావలసిందే. అగ్రకులాల పిల్లలకు ఒక తరం ముందే అందిన తలుపు ఇది. పుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుట తెలుగు. జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులున్న మహబూబాబాద్ జిల్లాలో తండా నుంచి వచ్చే పిల్లకు ఆ రెండు పుటలూ పరాయివే. ఆమె ఇంట్లో తల్లి యాడి, రొట్టె బాటి. 2011 జనగణన ఆమె మాతృభాషను హిందీ పద్దు కింద కలిపేసింది. భూపాలపల్లి అడవి అంచున ఒక బడిలో పంతులుగారు నీళ్ల బొమ్మ చూపి వాటర్ అన్నారు, ఆ వెంటనే నీళ్లు అన్నారు. ఒక కోయ పిల్లవాడు ఏర్ అన్నాడు. కోయలో నీళ్లను అనేది అదే. అది ఏరు కాదురా, నీళ్లు అని పంతులుగారు దిద్దారు. ఆ గంటలో వాడు మళ్లీ నోరు తెరవలేదు. ఇంగ్లీషు పాఠం తెలుగు దిద్దుబాటు దగ్గరే ఆగిపోయింది.

ఇందుకు కావలసింది మాధ్యమం మార్పు కాదు. ఆ పంతులుకు వంద కోయ మాటలు నేర్పే శిక్షణ, తండా బడిలో గోర్ బోలి తెలిసిన ఒక ఉపాధ్యాయిని. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారయ్యాయి. నేను తిరిగే బడుల్లో అవి కనబడవు.

పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు, 1936లో, గిడుగు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. అంతకు ముందే, 1931లో, మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని అచ్చువేసింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. ఆ నిఘంటువులో సవర మాట నేరుగా ఇంగ్లీషుకు చేరుతుంది, మధ్యలో తెలుగు కాపలా లేదు. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. సవర మీద పనిని కుమారుడు సీతాపతి కొనసాగించారు.