ప్రాణం పుట్టుకను వెదకిన హాల్డేన్

2013 నవంబరు 5వ తేదీ మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు, నాటి నెల్లూరు జిల్లాలో, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట నుండి ఒక రాకెట్టు అంగారకయాత్రకు బయలుదేరింది. అది మోసుకుపోయిన నౌకలోని అయిదు పరికరాలలో ఒకటి మీథేను వాయువు జాడ తీయటానికి ఉద్దేశించినది. భూమిమీది మీథేనులో అధికభాగం ప్రాణుల వలన, ప్రాణుల అవశేషాల వలన పుట్టేదే. కనుక అంగారకుని గాలిలో అది కనిపిస్తే, అక్కడ ప్రాణమున్నదేమోనని విచారించటానికి ఒక త్రోవ దొరుకుతుంది. ఆ పరికరం దానిని నిర్ధారించలేకపోయింది. అన్వేషణ మాత్రం ఆగలేదు.

సరిగా 121 సంవత్సరాలకు పూర్వం, 1892లో, అదే నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జె.బి.యస్. హాల్డేన్ జన్మించాడు. తేదీలు కలియటం కాకతాళీయమే. కాని ప్రాణం మొదట ఎట్లా పుట్టిందన్న ప్రశ్నను వేదాంతచర్చ నుండి రసాయనశాస్త్రంలోకి తెచ్చిన కొద్దిమందిలో ఆయన ఒకడు. మీథేనుతో ఆయనకు పరిచయం బాల్యంలోనే కలిగింది. తండ్రి గనులలోని విషవాయువులను పరిశోధించిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. ఒకనాడు బొగ్గుగనిలో, పైకప్పు క్రింద మీథేను నిండిన చోట కొడుకును నిలబెట్టి, షేక్స్పియరు నాటకంలోని ఒక ప్రసంగం అప్పగించమన్నాడు. కొంత చెప్పేసరికి పిల్లవానికి ఊపిరాడక కాళ్ళు తేలిపోయి క్రింద పడ్డాడు. నేలమీద మంచిగాలి ఉన్నది. ఆ వాయువు గాలికంటె తేలికయినదన్న పాఠం ఆయన జన్మలో మరువలేదు. పెద్దయిన తరువాత తన శరీరాన్నే ప్రయోగశాల చేసుకొని, క్షారాలు, లవణాలు త్రాగి, పీడనపు గదులలో కూర్చొని వెన్నెముకకు దెబ్బ తెచ్చుకున్నాడు.

విచిత్రమేమంటే ఈ మహాశాస్త్రజ్ఞునికి విజ్ఞానశాస్త్రంలో పట్టమే లేదు. చదివినది గణితం, ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలు. 1929లో ఆయన ఒక చిన్న వ్యాసం వెలువరించాడు. ప్రాణవాయువు లేని ఆదికాలపు గాలిమీద సూర్యుని అతినీలలోహిత కిరణాలు పడగా సేంద్రియ పదార్థాలు పుట్టి, వాటిని తినే జీవులేవీ లేనందున సముద్రంలో పోగుపడి, చివరకు ఆ సముద్రమే వెచ్చని పలుచని చారు వంటిదయిందనీ, అందులోనుండే ప్రాణం రూపొందిందనీ అందలి ఊహ. రష్యాలో ఒపారిన్ 1924లోనే ఇటువంటి భావాన్ని ప్రకటించాడు. హాల్డేన్ అది ఎరుగడు. 1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ మీథేను, అమ్మోనియా, ఉదజని, నీటి ఆవిరి గల గాజుపాత్రలో విద్యుత్తు మెరిపించి అమైనో ఆమ్లాలు రాబట్టగా ఊహకు బలం చేకూరింది.

1956లో ఈజిప్టుపై బ్రిటిషు దాడికి నిరసన తెలిపి, 1957లో ఆయన భార్యతో కలకత్తా చేరాడు. పంచె, లాల్చీ ధరించి శాకాహారియైనాడు. ఆ నవంబరులో అమెరికా శాస్త్రజ్ఞుడు జాషువా లెడర్‌బర్గ్ ఆయన ఇంటికి అతిథిగా వచ్చాడు. స్పుత్నిక్ ఎగిరి నెల దాటింది. చంద్రగ్రహణం, రష్యా విప్లవపు నలువదవ వార్షికోత్సవం కలిసి వచ్చిన రోజులవి. ఉత్సవ సూచకంగా సోవియట్లు చంద్రునిపై అణుబాంబు పేలుస్తారేమోనని హాల్డేన్ ఊహించాడు. అది పరిహాసమో, నిజమైన అనుమానమో చెప్పలేము గాని, అతిథి మనసులో అది ములికి వలె నాటుకున్నది. వెదకబోయే చోటనే భూమిమీది సూక్ష్మజీవులను చల్లితే ఇక వెదకేదేమిటి? స్వదేశం చేరి లెడర్‌బర్గ్ హెచ్చరికలు ప్రారంభించాడు. భూమికి వెలుపలి జీవాన్ని విచారించే శాస్త్రానికి పేరు పెట్టినదీ ఆయనే. కలకత్తాలోని ఒక భోజనవేళ మాటలకు అంత ఫలితం కలిగింది.

హాల్డేన్ భారత పౌరసత్వం స్వీకరించి, 1962లో భువనేశ్వరంలో స్థిరపడినాడు. ఆయన శిష్యులలో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణరావు ఉన్నాడు. గురువుగారి జీవితాన్ని గ్రంథస్థం చేసినవాడు. 1963లో ఫ్లోరిడాలో, జీవోత్పత్తిని గురించిన సభలో, హాల్డేన్ ఒపారిన్‌ను మొదటిసారీ చివరిసారీ కలుసుకొని, ప్రథమగౌరవాన్ని సంకోచం లేకుండా అతనికే వదిలాడు. ఈ ఔదార్యం శాస్త్రజ్ఞులలో అరుదు.

అప్పటికే క్యాన్సరు ఆయనను పట్టుకున్నది. దానిమీద కూడ హాస్యకవిత వ్రాశాడు. దేహాన్ని దహనం చేయవద్దనీ, కాకినాడలో 1958లో వెలసిన రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వవలసిందనీ కోరాడు. 1964 డిసెంబరు 1న ఆయన కన్నుమూయగా, దేహం భువనేశ్వరం నుండి కాకినాడకు, అక్కడి విద్యార్థుల చదువు కొరకు చేరింది.