పంపకవియు సమవసరణ భావనయు

కన్నడ సాహిత్యమున ఆదికవిగా కీర్తింపబడు పంపకవి క్రీ.శ. 902లో జన్మించెను. ఈతని పూర్వులు వేంగీమండలమందలి కమ్మనాటికి చెందిన శ్రీవత్సగోత్ర బ్రాహ్మణులు. వారిలో మాధవ సోమయాజి యజ్ఞకర్తగా ప్రసిద్ధుడు. పంపని తండ్రి భీమపయ్య తన బ్రాహ్మణ్యమునకు జైనధర్మమే తగినదని నిశ్చయించి దానిని స్వీకరించెను. తల్లి అబ్బణబ్బె. తమ్ముడు జినవల్లభుడు. గురువు దేవేంద్రముని. ఈ విధముగా వైదిక వంశగౌరవమును జైన శ్రద్ధయు ఒక్క గృహముననే కలిసియున్నవి.

పంపడు వేములవాడ చాళుక్య ప్రభువైన రెండవ అరికేసరి ఆస్థానమును చేరెను. ఈతడు ఖడ్గమును లేఖినిని సమానముగా ధరించిన వీరుడు. ప్రభువును అర్జునునితో అభేదముగా నిలిపి విక్రమార్జున విజయమును రచించెను. రాజు సంతసించి ధర్మపుర మను అగ్రహారము నొసగెను. లౌకిక యశమునకు ఆ కావ్యము, పరమార్థమునకు ఆదిపురాణము అని కవియే విభజించుకొనెను. ఆదిపురాణము క్రీ.శ. 941లో, కవికి ముప్పదితొమ్మిదవ యేట పూర్తియైనది.

జినసేనాచార్యుని సంస్కృత పురాణమును అనుసరించిన యీ కావ్యమునకు సమవసరణము జీవస్థానము. తీర్థంకరునకు కేవలజ్ఞానము కలుగగనే ఇంద్రాజ్ఞచే కుబేరుడు నిర్మించు ధర్మసభయే సమవసరణము. నాలుగు దిక్కుల మానస్తంభములు నిలుచును. వానిని చూచినవారి గర్వ మణగును. నడుమ గంధకుటిపై ఆసీనుడైన జినుడు నలుదిక్కులవారికిని అభిముఖుడై కనబడును. చుట్టును పండ్రెండు కోష్ఠములలో మునులు, ఆర్యికలు, దేవతలు, మానవులు, తుదకు పశుపక్ష్యాదులును వైరము విడిచి కూర్చుందురు. దివ్యధ్వని ఒక్కటియే యైనను ఎవరి భాషలో వారికి అర్థమగును.

ఇచట భరతునకు ఒక పరీక్ష కలిగెను. తండ్రికి కేవలజ్ఞానము, ఆయుధశాలలో చక్రరత్నము, అంతఃపురమున పుత్రోదయము అను మూడు వార్తలు ఒక్కసారి వచ్చెను. అర్థకామములను వెనుకకు నెట్టి ధర్మమునకే అగ్రస్థాన మిచ్చి అతడు ముందుగా సమవసరణమునకే పోయెను. యుద్ధభూమి నెరిగిన కవి యీ ఘట్టమును చెప్పుటలో విశేషార్థము కలదు. చక్రము వేచియుండవచ్చును, ధర్మశ్రవణము వేచియుండరాదు. అయినను ఆ చక్రమే తరువాత భరతుని తమ్ముడైన బాహుబలితో కలహమునకు ఈడ్చినదని కావ్యము దాచలేదు.

పంపని సోదరుల నడుమ అట్టి కలహము లేదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలమందలి కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై జినవల్లభుడు తీర్థంకర ప్రతిమలను, ఆదినాథుని శాసనదేవతయైన చక్రేశ్వరిని శిలపై చెక్కించెను. వాని క్రింద సుమారు 945 నాటి శాసనము కలదు. అందు అన్నగారి వంశమును కీర్తియు వర్ణితములు. త్రిభువనతిలక మను బసదిని, కవితాగుణార్ణవ మను చెరువును, మదనవిలాస మను తోటను తాను కల్పించినట్లు జినవల్లభుడు చెప్పుకొనెను. చెరువునకు అన్నగారి బిరుదమునే పేరుగా నుంచెను.

ఆ శాసనము సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో నున్నది. అందలి మూడు తెలుగు కందపద్యములు నన్నయకు సుమారు నూరేండ్లు పూర్వములు. సమవసరణమున దివ్యధ్వని సర్వభాషాత్మకమని నమ్మిన కుటుంబము, తన కథను శిలపై వ్రాయించునపుడు ఏ భాషవారినీ బయట నిలుపలేదు. పంపని జన్మభూమిని గూర్చి ఆంధ్ర కర్ణాటక పండితులు వాదించినపుడెల్ల ఈ శిల సాక్ష్యమగుచున్నది. అది ఇరువురకును పలుకుచున్నది.