గంజాయి మొక్కను పెరికించిన సుల్తాన్

జుమా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల మీద పెద్దలు మాట్లాడుకునే మాటల్లో ఈమధ్య ఒక విషయం తరచుగా వినిపిస్తున్నది. మదనపల్లె కావచ్చు, పుంగనూరు కావచ్చు, కుప్పం కావచ్చు, మాట మాత్రం ఒక్కటే. ఫలానావారి అబ్బాయి అర్ధరాత్రి దాటినా ఇంటికి రావడం లేదు, కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి, తల్లి గాజులు కనబడటం లేదు, మొన్న పోలీసు స్టేషను నుండి కబురొచ్చింది. పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. తమ ఇంటి పేరు రానందుకు లోలోపల అల్‌హందులిల్లాహ్ అనుకుని ఎవరి దారిన వారు వెళ్ళిపోతారు.

ఈ మూడు ఊళ్ళూ సరిహద్దు దారుల మీద ఉన్నాయి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయి బస్సుల్లో, రైళ్ళలో, లారీల్లో కర్ణాటక, తమిళనాడు వైపు సాగుతుంది. దారిలో ఉన్న ఊళ్ళకు దాని వాటా అందుతూనే ఉంటుంది. అయితే ఇది నిన్న మొన్న పుట్టిన బెడద కాదు. రెండు శతాబ్దాలకు పైబడిన కాలంలో, ఈ ప్రాంతంలో కూడా అధికారం నెరపిన ఒక ముస్లిం పాలకుడు గంజాయితోనూ సారాతోనూ పోరాడాడు. టిప్పు సుల్తాన్ అనగానే మనకు ఖడ్గమూ, పులీ, ఇంగ్లీషువారితో యుద్ధాలూ గుర్తొస్తాయి. క్యాలెండర్ల మీద కూడా ఆ బొమ్మలే. ఈ పోరాటం సంగతి మాత్రం మన ఇళ్ళలో అంతగా తెలియదు.

టిప్పు 1750 నవంబరులో దేవనహళ్ళిలో జన్మించాడు. తండ్రి హైదర్ అలీ పుట్టిన బూదికోట కుప్పానికి దూరమేమీ కాదు. తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా కడప కోట అధిపతి మీర్ ముయీనుద్దీన్ కుమార్తె. మేనమామ మీర్ రజా అలీ ఖాన్ మదనపల్లెకు దగ్గరలోని గుర్రంకొండను ఏలాడు. 1781లో పోర్టోనోవో యుద్ధంలో మరణించిన ఆయన సమాధి నేటికీ గుర్రంకొండలోనే ఉంది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో కన్నుమూశాడు. కనుక టిప్పు మనకు పరాయి రాజ్యపు మనిషి కాడు.

బాల్యంలో ఖుర్‌ఆన్, అరబీ, ఫార్సీ నేర్చాడు. గాజీ ఖాన్ అనే సేనాని వద్ద గుర్రపు స్వారీ, కత్తిసాము అభ్యసించాడు. పదిహేడేళ్ళ వయసులోనే, 1767లో, అశ్వికదళాన్ని మద్రాసు పొలిమేరల దాకా నడిపాడు. ఆనాటి యుద్ధమంటే సగం లూటీయే. జీతానికి బదులు దోపిడీలో వాటా తీసుకునే దళాలు అన్ని సైన్యాలలోనూ ఉండేవి, హైదర్ సైన్యంలోనూ ఉండేవి. ఎవరు తిండి పెట్టి గుర్రం ఇస్తే కుర్రాళ్ళు వారి వెంట పోయేవారు.

1771 మార్చిలో జరిగిన ఒక సంఘటనను ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. మరాఠాల ధాటికి మైసూరు సైన్యం మేల్కోటె నుండి రాత్రికి రాత్రే శ్రీరంగపట్నం వైపు వెనుదిరిగింది. టిప్పు వెనుక దళంలో ఉన్నాడు. మైసూరు చరిత్ర రాసిన ఇంగ్లీషు సైనికాధికారి మార్క్ విల్క్స్ కథనం ప్రకారం ఆ రాత్రి హైదర్ అలీ బాగా తాగి ఉన్నాడు. కొడుకు కోసం కబురు మీద కబురు పంపాడు. చీకట్లో, గందరగోళంలో ఆ కబుర్లు సకాలంలో చేరలేదు. తెల్లవారుజామున టిప్పు వచ్చేసరికి తండ్రి అందరి ముందు నోటికొచ్చినట్టు తిట్టి, బెత్తం అందుకుని వీపు చిట్లేలా కొట్టాడు. ఇరవై ఏళ్ళ యువకుడు తలపాగా, కత్తి నేలకేసి కొట్టి, ఆ రోజు యుద్ధం చేయనని ఒట్టు పెట్టుకున్నాడు. అదే రోజు చినకురళి వద్ద సైన్యం చెల్లాచెదరైంది. టిప్పు ఫకీరు వేషంలో శత్రువుల మధ్య నుండి తప్పించుకుని రాజధాని చేరాడు. అప్పటికి హైదర్ కొడుకు చనిపోయాడనుకుని కుమిలిపోతున్నాడు.

విల్క్స్ టిప్పుకు మిత్రుడు కాడు. ఆ కుటుంబాన్ని తక్కువ చేసి చూపే అవకాశాన్ని ఆయన వదులుకోలేదు. అయినా ఈ కథనం చదివినప్పుడు నాకు రాజులు కనిపించరు. మన వీధిలోని ఒక ఇల్లు కనిపిస్తుంది. తండ్రి తాగి వచ్చి నలుగురి ముందు కొడుకు మీద చేయి చేసుకుంటాడు. అవమానపడిన కొడుకు గడప దాటుతాడు. టిప్పుకు తిరిగి వెళ్ళడానికి ఒక స్థానం ఉంది, వెతికే తండ్రి ఉన్నాడు. మన కుర్రాడికి వీధి చివర నలుగురు స్నేహితులు ఎదురుచూస్తుంటారు. వారు కసరరు, ప్రశ్నించరు, భుజం మీద చేయి వేస్తారు. కొడుకు చెడిపోయాడని వాపోయే తండ్రులలో ఎంతమంది తమ జేబులోని సీసా సంగతి తలచుకుంటారు?

టిప్పు తండ్రిని ద్వేషించలేదు, చివరిదాకా ఆయన కొలువులోనే పోరాడాడు. తండ్రిని గౌరవించాడే గాని తండ్రి అలవాటును వారసత్వంగా తీసుకోలేదు. సింహాసనం ఎక్కిన తర్వాత మద్యాన్నీ, మత్తు కలిగించే ఇతర పదార్థాలనూ నిషేధించాడు. నల్లమందు గసగసాల మొక్కలనూ గంజాయి మొక్కలనూ ఇళ్ళ పెరళ్ళలో పెంచుకునేవాటితో సహా పెరికించాడని అదే విల్క్స్ నమోదు చేశాడు. సారా మీద వచ్చే రాబడి ఏ ఖజానాకైనా తీపే. తర్వాతి పాలకులు ఎవరూ దాన్ని తేలికగా వదులుకోలేకపోయారు. మన రాష్ట్రంలోనే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు, 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997 నాటికి దాన్ని ఎత్తివేశారు. యుద్ధాలతో సతమతమవుతూ డబ్బు అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న సుల్తాను ఆ ఆదాయాన్ని కాదనుకున్నాడు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. సారా కాచేవారి కొట్లు మూయించి ఊరుకోలేదు. మళ్ళీ ఆ పని చేయమని వారి చేత రాయించుకుని వేరే వృత్తిలోకి మళ్ళించమని అధికారులకు ఆదేశాలు పంపాడు. ఆయన రెవెన్యూ నిబంధనలలో ఒక వింత శిక్ష కూడా కనిపిస్తుంది. తప్పు చేసిన వ్యక్తి జరిమానాకు బదులు తన ఊరి ముందు రెండు మామిడి మొక్కలు, రెండు బాదం మొక్కలు నాటి, అవి మూడడుగుల ఎత్తు పెరిగేదాకా నీళ్ళు పోసి కాపాడాలి. నేరం చేసినవాణ్ణి ఊరి నుండి వెలివేయకుండా ఊరికే పనికొచ్చేలా చేశాడన్నమాట. ఒక లోపం మాత్రం చెప్పక తప్పదు. తన కొలువులోని ఫ్రెంచి సైనికులకు ఈ నిషేధం నుండి మినహాయింపు ఇచ్చాడు. వారి అవసరం ఆయనకు ఉండింది.

ఇస్లాం ధర్మం మత్తును అంచెలంచెలుగా నిషేధించిన తీరు మనకు తెలిసిందే. చివరి ఆజ్ఞ వచ్చిన రోజు మదీనా వీధుల్లో మద్యం పారబోశారు. మద్యం విషయంలో దైవప్రవక్త (స) తాగేవాణ్ణి మాత్రమే కాక పిండేవాణ్ణి, అమ్మేవాణ్ణి, కొనేవాణ్ణి, మోసేవాణ్ణి, ఎవరి కోసం మోస్తారో వాణ్ణి కూడా, మొత్తం పది రకాల వారిని శపించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మోసేవాడు అన్నచోట కాస్త ఆగి చూడండి. నేటి ముఠాలు కుర్రాళ్ళను పట్టేది సరిగ్గా అక్కడే. మొదటి సిగరెట్టు ఉచితం. పదోది అప్పు. అప్పు తీర్చలేనివాడికి ఒక పొట్లం ఇచ్చి ఫలానా చోట అందించమంటారు. ఒకసారి మోసినవాడు వారి గుప్పిట్లో చిక్కినట్టే, కాదంటే పట్టిస్తామంటారు. ఆ తర్వాత సెల్‌ఫోన్ల దొంగతనాలు, బైకుల దొంగతనాలు, పక్క వీధివారితో కత్తులు దూసుకోవడాలు. ఇవన్నీ వేర్వేరు జబ్బులని ఇంట్లోవారు అనుకుంటారు. కాని అది ఒకే తాడు.

ఇక్కడ తల్లిదండ్రులు తెలుసుకోవలసిన చట్టం సంగతి ఒకటుంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవారికీ, వారి చేత మోయించినవారికీ, అమ్మించినవారికీ 2015 నాటి బాల న్యాయ చట్టం ఏడేళ్ళ వరకు కఠిన శిక్ష విధిస్తుంది. అలాగే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం, వ్యసనపరుడు వాడకం లేదా కొద్దిపాటి సరుకు కేసులో ఉన్నప్పుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే విచారణ నుండి మినహాయింపు పొందే వీలుంది. మాన్పించే సలహా కోసం 14446, అమ్మేవారి సమాచారం ఇవ్వడానికి 2024 నవంబరులో మన రాష్ట్రంలో ఏర్పడిన ఈగల్ విభాగం వారి 1972 ఉన్నాయి. పరువు పోతుందని దాచిన ఇళ్ళలో బిడ్డే చేజారిపోతున్నాడు.

ముఠాలకు కుర్రాళ్ళు ఎక్కడి నుండి దొరుకుతారో టిప్పు మరణం తర్వాతి ఉదంతం కూడా చెబుతుంది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది. సుల్తాన్ పోరాడుతూ షహీద్ అయ్యాడు. తల్లిదండ్రుల సమాధుల పక్కనే ఆయనను ఖననం చేశారు. సైన్యం చెదిరిపోయి, జీతమిచ్చే చేయి లేక ఎందరో సైనికులు వీధిన పడ్డారు. ఆ రోజే కోటలోని చెర నుండి బయటపడిన ధోండియా వాఘ్ అనే దోపిడీ నాయకుడు వారిని కూడగట్టాడు. రోజుల వ్యవధిలో అతని వెనుక ఒక దండు తయారైంది. వారంతా పుట్టు దొంగలు కారు, నిన్నటిదాకా ఒక ప్రభుత్వ కొలువులో ఉన్నవారే. 1800 సెప్టెంబరు 10న ఆర్థర్ వెల్లెస్లీ సేన చేతిలో ధోండియా హతుడయ్యాడు.

దండు సామాన్ల మధ్య నాలుగేళ్ళ పిల్లవాడు దొరికాడు. ధోండియా కొడుకు, పేరు సలాబత్ ఖాన్. వెల్లెస్లీ ఆ బిడ్డను తన గుడారానికి తెప్పించి చూసుకున్నాడు. ఇండియా వదిలి వెళ్ళేటప్పుడు అతని పోషణకు, చదువుకు డబ్బు అప్పగించి వెళ్ళాడు. ఆ పిల్లవాడు పెరిగి మైసూరు రాజుగారి కొలువులో ఉద్యోగి అయ్యాడు.