ఎనభై వంతుల తప్పు రోజ్‌దేనట!

రోజ్ సిపొలోని పేరు మనదిక్కు ఎక్కువమందికి ఎరుకలేదు. అమెరికాల లా సదివినోళ్లకు మాత్రం బాగ తెలుసు. సిగరెట్ కంపెనీ పైసలు కట్టాలె అని అక్కడి జ్యూరీ మొట్టమొదటిసారి చెప్పింది ఆమె కేసులనే. గెలిచింది గదా అనుకుంటరేమో, జర లెక్క సూడుండ్రి.

1942ల, పదహారేండ్లకే చెస్టర్‌ఫీల్డ్ ముట్టిచ్చింది. సిగరెట్ తాగుడంటె అప్పట్ల సిన్మా తారల ఫ్యాషన్. 1955ల ఎల్ అండ్ ఎంకు మారింది. దానికి ఫిల్టర్ ఉంటది, ఇషమంత అండ్లనే ఆగుతదని నమ్మింది. డాక్టర్ రాసిచ్చిన మందు తీరుగ దాన్ని ప్రచారం చేసేటోళ్లు మరి. తర్వాత వర్జీనియా స్లిమ్స్, పార్లమెంట్, ఆఖరికి డాక్టర్ చెప్తె ట్రూ.

1981ల ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడ్డది. ముందుగాల కొంత కోసి తీసిన్రు, ఏడాదికి ఒక ఊపిరితిత్తి మొత్తం తీసిన్రు. అప్పటికీ సాటుకు తాగుతనే ఉన్నది. ఇంత మొండి మనిషా అనిపిస్తది. నాకైతె ఇంకోటి అనిపిస్తది. తన ఇష్టంతోని తాగేటోళ్లు ఊపిరితిత్తి పోయినంక గూడ దాసుకొని తాగుతరా?

1983ల లిగెట్, ఫిలిప్ మోరిస్, లోరిలార్డ్ మీద న్యూజెర్సీల కేసు ఏసింది. మరుసటేడు పాణం పోయింది. భర్త ఆంటోనియో కేసు ఇడ్సిపెట్టలే. కంపెనీలు బయటపడనియ్యని కాగితాలు కోర్టుకెక్కినయి. పొగ తారు పూస్తె ఎలుకలకు గడ్డలు లేస్తున్నయని లిగెట్ చేయించిన పరిశోధనల్నే 1950లల్ల తేలిందట!

కాని ఒక మెలిక ఉన్నది. 1966 నుంచి డబ్బ మీద హెచ్చరిక రాయాలని అక్కడ చట్టం వచ్చింది. ఆ తర్వాత సరిగ హెచ్చరించలేదని కేసు ఏస్తె చెల్లదని 1986ల పైకోర్టు అన్నది. జనాన్ని కాపాడెతందుకు తెచ్చిన రాత, కంపెనీకే డాలయింది. మన దేశంల గూడ 2016 నుంచి డబ్బ మీద 85 శాతం హెచ్చరిక బొమ్మనే. మంచిదే, ఉండాలె. కాని రేపు కోర్టుల ఆ బొమ్మ ఎవరి దిక్కు సాక్ష్యం చెప్తదో గూడ అడగాలె.

1988ల జ్యూరీ తీర్పు చెప్పింది. 1966కు ముందుగాల హెచ్చరించని తప్పు లిగెట్‌దే, కాని అండ్ల 20 వంతులే కంపెనీవి, 80 వంతులు రోజ్‌వి! సగం కంటె ఎక్కువ తప్పు బాధితులదైతె న్యూజెర్సీ చట్టం పైసా ఇయ్యనియ్యది. అందుకే రోజ్ పాణానికి సున్న. ప్రచారంల ఇచ్చిన మాట తప్పినందుకు భర్తకు 4 లక్షల డాలర్లు అన్నరు. గవి గూడ అప్పీల్‌ల 1990ల కొట్టేసిన్రు. ఆంటోనియో సచ్చిపోయిండు, కొడుకు కేసు ఎత్తుకున్నడు.

1992ల సుప్రీంకోర్టు చెప్పింది ఏందంటె, 1969 చట్టం తర్వాత హెచ్చరించలేదన్న వాదన నడువది, కాని మోసం, అబద్ధం, ఇచ్చిన మాట తప్పుడు మీద కేసులు ఏసుకోవచ్చు. అంత దూరం కొట్లాడినంక ఆ ఏడే ఇంటోళ్లు కేసు వాపస్ తీసుకున్నరు. చేతికి ఒక్క డాలర్ రాలే.

ఆరేండ్లకు, 1998ల, పెద్ద సిగరెట్ కంపెనీలు 46 రాష్ట్రాలకు 25 ఏండ్లల్ల 20,600 కోట్ల డాలర్లు కడ్తమని ఒప్పుకున్నయి.