వేరుచేయలేని సీసం నుంచి మెదడు స్కాన్ దాకా

బోన్ స్కాన్ రాసిస్తే చాలామంది జంకుతారు. ఒంట్లోకి రేడియోధార్మిక మందు ఎక్కిస్తే ప్రమాదం కాదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు జార్జ్ డి హెవెసీ జీవితంలో దొరుకుతుంది.

హెవెసీ 1885లో హంగరీలోని బుడాపెస్ట్‌లో పుట్టారు. 1911లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వెళ్లి రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో చేరారు. అక్కడ కుప్పగా పడి ఉన్న సీసంలోంచి రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరుచేయమన్నారు గురువు. హెవెసీ దాదాపు రెండేళ్లు నానా తంటాలు పడ్డారు. రాలేదు. వచ్చే వీలూ లేదు! ఎందుకంటే అదీ సీసమే, కాకపోతే రేడియోధార్మికత ఉన్న సీసం.

మరొకరైతే ఆ పని వదిలేసేవారే. హెవెసీ ఆలోచన వేరుగా సాగింది. ఎలాగూ విడిపోదు కాబట్టి, మామూలు సీసం ఎక్కడికి వెళ్తే ఇదీ అక్కడికే వెళ్తుంది, వెళ్లిన చోటల్లా కిరణాలతో ఉనికి చాటుతుంది. 1913లో వియన్నాలో ఫ్రిట్జ్ పానెత్‌తో కలిసి దీన్ని నిరూపించారు. ట్రేసర్ పద్ధతి పుట్టింది అలాగే. అద్దెకున్న ఇంటి యజమానురాలు మిగిలిన మాంసాన్నే మళ్లీ వండిపెడుతోందని అనుమానమొచ్చి, వదిలేసిన ముక్కలో చిటికెడు రేడియోధార్మిక పదార్థం కలిపి ఆమెను పట్టేశారని ఒక కథ కూడా ఉంది. ఇది మాత్రం అనుకరించదగింది కాదు.

1923లో చిక్కుడు జాతి మొక్కల వేళ్ల నుంచి సీసం ఎలా పైకెక్కుతుందో చూశారు. 1934లో రేడియోధార్మికత లేని భారజలాన్ని తాగి, తన మూత్రాన్నే పరీక్షించి, ఒంట్లోని నీరు సుమారు 9 రోజుల్లో సగం మారిపోతుందని లెక్కగట్టారు. మరుసటి ఏడాది కోపెన్‌హాగెన్‌లో ఎలుకలకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఇచ్చి, ఎముక రాయిలా స్థిరంగా ఉండదనీ, అందులోని ఫాస్ఫరస్ నిత్యం మారుతూనే ఉంటుందనీ చూపారు. బోన్ స్కాన్‌కు ఆధారం ఈ జీవక్రియే. ఇప్పుడు వాడే టెక్నీషియం 6 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. మోతాదు ఎంత తక్కువంటే, శరీరం పనితీరులో మార్పేమీ రాదు. అయితే గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి.

హెవెసీకి రసాయనశాస్త్రంలో 1943 నోబెల్ దక్కింది. 1966లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో కన్నుమూశారు.

ఆ తర్వాత ఇదే సూత్రం మెదడుకూ చేరింది. 1983లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హెన్రీ వాగ్నర్ బృందం, డోపమైన్, సెరటోనిన్ గ్రాహకాలకు అతుక్కునే ఒక మందుకు కార్బన్-11 తగిలించి మనిషి మెదడును చిత్రించింది. మొదట స్కానర్ కింద పడుకున్నది వాగ్నరే. ఇలాంటి ట్రేసర్ తయారీ తేలిక కాదు. అది రక్తం నుంచి మెదడులోకి దాటాలి, కావలసిన గ్రాహకానికే అతుక్కోవాలి, మందుగా పనిచేయనంత స్వల్పంగా ఉండాలి. పైగా కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకూ సగమైపోతుంది. అందుకే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ స్కానర్‌కు దగ్గర్లోనే ఉండాలి.

డిప్రెషన్ ఉందో లేదో తేల్చడానికి బ్రెయిన్ స్కాన్ తీయమని కుటుంబసభ్యులు అడుగుతుంటారు. సెరటోనిన్ గ్రాహకాలను చూపే స్కాన్లు పరిశోధనలకే పరిమితం. డిప్రెషన్‌ను ఇప్పటికీ రోగితో మాట్లాడే గుర్తిస్తాం. కిక్కిరిసిన ఓపీలో అందుకు పావుగంట దొరకడమే కష్టం.