షావుకారు పద్దుకు ఎదురు నిలిచిన ఫాదర్ హాఫ్‌మన్

ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం పేరు వినగానే మనకు బిర్సా ముండా గుర్తొస్తారు. గుర్తు రావాల్సిందే. ఆయన నడిపిన ఉల్‌గులాన్ లేకపోతే 1908లో ఆ చట్టం వచ్చేది కాదు. అయితే ముండాల ఉమ్మడి భూమి హక్కును ఆ చట్టంలోకి ఎక్కించడానికి పాటుపడిన వారిలో మరొక మనిషి ఉన్నారు. బిర్సా అనుచరుల బాణాలు పడిన మిషన్‌లోనే ఆయన ఉండేవారు. పేరు జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్, జర్మన్ కథోలిక ఫాదర్. వడ్డీ గురించి, కూలి గురించి కథోలిక చర్చి చెప్పే మాటలు అప్పుల్లో మునిగిన ఊరికి చేరితే ఏమవుతుందో, అవి ఎక్కడ ఆగిపోతాయో ఆయన జీవితంలో కనిపిస్తుంది.

హాఫ్‌మన్ 1857లో జర్మనీలోని వాలెన్‌డార్ఫ్ అనే ఊళ్లో పుట్టారు. ఆయన బాల్యంలోనే బిస్మార్క్ ప్రభుత్వం జెస్విట్లను, అంటే యేసుసభ గురువులను, దేశం నుంచి వెళ్లగొట్టింది. అదే సభలో చేరాలనుకున్న ఆ కుర్రాడు బెల్జియం జెస్విట్లు నడిపే బెంగాల్ మిషన్‌కు వచ్చేశారు. తర్వాత ఇప్పటి జార్ఖండ్‌లోని ముండాల ప్రాంతానికి వెళ్లి, ఖూంటీ దగ్గరి సర్వదా మిషన్‌లో స్థిరపడ్డారు.

దికూల రాజ్యం

ముండాల లెక్కలో అడవి కొట్టి ఊరు కట్టిన వంశమే ఆ భూమికి హక్కుదారు. దాన్ని ఖూంట్‌కట్టీ అంటారు. ఆ భూమి ఒక్కరిది కాదు, వంశమంతటిదీ. పూర్వీకులను పాతిపెట్టిన చోట నిలబెట్టిన రాళ్లే వాళ్ల పట్టా. బ్రిటిష్ కోర్టుకు ఇవేవీ అర్థం కాలేదు. భూమి ఉందంటే పైన జమీందారు ఉండాలి, కింద రైతు శిస్తు కట్టాలి. ఆ చట్టానికి తెలిసింది అంతే.

ఈ సందులోంచే బయటివాళ్లు దూరారు. జాగీర్దార్లు, ఠేకేదార్లు, షావుకార్లు. ముండాలు వాళ్లందరినీ కలిపి దికూలు అన్నారు. ఉమ్మడి భూమికి శిస్తు వేశారు. శిస్తు కట్టలేనివాడు షావుకారు దగ్గరికి వెళ్లాడు. పద్దు రాసేది షావుకారు, చదివేదీ షావుకారే. బాకీ తీరక భూమి పోయింది. భూమి పోయినవాడు వెట్టికి వెళ్లాడు. ఇంకొందరు అస్సాం తేయాకు తోటలకు కూలీలుగా వలసపోయారు. శిస్తు, అప్పు, వెట్టి మూడూ ఒకే తాడుకు పడిన మూడు ముడులు.

హాఫ్‌మన్ కంటే ముందే బెల్జియం జెస్విట్ కాన్‌స్టాంట్ లీవెన్స్ 1885లో తోర్పా చేరి, రైతుల కోర్టు కేసుల్లో వాళ్ల పక్షాన నిలిచారు. వేలమంది కథోలికులయ్యారు. వాళ్లు ముందు వెతుక్కుంటూ వచ్చింది న్యాయం కోసం. మన మాల, మాదిగ పల్లెలు మిషన్ల వైపు నడిచిన కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు.

రోమ్ నుంచి వచ్చిన లేఖ

వడ్డీని కథోలిక చర్చి శతాబ్దాలపాటు పాపంగానే చూసింది. 1179 లేటరన్ మహాసభ బహిరంగ వడ్డీ వ్యాపారులను చర్చి సంబంధాల నుంచి వెలివేసింది. బ్యాంకులు, పెట్టుబడి పెరిగాక ఆ పట్టు సడలింది. 1891 మే 15న పోపు 13వ లియో రేరుమ్ నోవారుమ్ అనే లేఖ విడుదల చేశారు. పేదలను పీల్చే వడ్డీ కొత్త రూపంలో తిరిగొచ్చిందని అందులో హెచ్చరించారు. కార్మికుడు ఒప్పుకున్నాడు కదా అని ఎంత తక్కువైనా ఇస్తామంటే కుదరదని, కుటుంబం బతికేంత కూలి ఇవ్వడం న్యాయమని చెప్పారు. కార్మికులు సంఘం పెట్టుకునే హక్కును గుర్తించారు. అదే సమయంలో సోషలిజాన్ని తిరస్కరించారు, సొంత ఆస్తి సహజమైన హక్కన్నారు, మనుషుల మధ్య హెచ్చుతగ్గులు తప్పవన్నారు.

ఆ లేఖ యూరప్ ఫ్యాక్టరీలను చూసి రాసింది. పుట్టుకతోనే కూలి ఏమిటో, భూమి ఎవరిదో తేల్చేసే కులం అందులో లేదు. ఊరంతా కలిసి ఒకే భూమికి హక్కుదారు అయ్యే వ్యవస్థ కూడా లేదు. ముండాల మధ్య ఉన్న ఫాదర్‌కు ఆ లేఖ ఒక్కటే సరిపోయేది కాదు.

బాణం, చట్టం, రూపాయి

1899 క్రిస్మస్ ముందు రాత్రి బిర్సా అనుచరులు మిషన్ల మీద, పోలీసు ఠాణాల మీద బాణాలు వేశారు. సర్వదా మిషన్ మీద కూడా దాడి జరిగింది. హాఫ్‌మన్ బిర్సాకు వ్యతిరేకి. తిరుగుబాటు సమయంలో ఆయన ప్రభుత్వం వైపే నిలబడ్డారు. దీన్ని దాచి ఆయన్ను పొగడటం ముండాలకు అన్యాయం. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైలులో చనిపోయారు.

అయితే ముండాలు తిరగబడింది భూమి పోయినందుకేనని హాఫ్‌మన్‌కు తెలుసు. అప్పటికే ఆయన ముండారీ భాష నేర్చుకున్నారు. 1903లో ముండారీ వ్యాకరణం వెలువరించారు. భాష వచ్చినందువల్ల భూమి మాటలు కూడా అర్థమయ్యాయి. లిస్టర్ అనే అధికారితో కలిసి ముండాల భూమి పద్ధతిపై ప్రభుత్వానికి వివరమైన నివేదిక రాశారు. 1908 చట్టం ఖూంట్‌కట్టీ హక్కును గుర్తించింది. ఆదివాసీ రైతు భూమి అమ్మకం మీద, తనఖా మీద ఆంక్షలు పెట్టింది. వెట్టి పనులను నగదు శిస్తుగా మార్చుకునే వీలు కల్పించింది.

చట్టం భూమిని ఆపుతుంది కానీ విత్తనాల వేళ చేతిలో డబ్బు పెట్టదు. ఆ డబ్బు అవసరం ఉన్నంతకాలం షావుకారు ఉంటాడు. అందుకే 1909లో హాఫ్‌మన్ ఛోటానాగ్‌పూర్ కథోలిక సహకార పరపతి సంఘం పెట్టారు. జర్మన్ పల్లెల్లో రైఫైసెన్ మొదలుపెట్టిన పరపతి సంఘాల పద్ధతిని మన దేశంలో పెట్టమని మద్రాసు అధికారి నికల్సన్ అప్పటికే సిఫారసు చేసి ఉన్నారు. 1904లో దానికి చట్టం కూడా వచ్చింది. సూత్రం చిన్నదే. పేదల దగ్గర ఉన్న చిల్లర ఒక చోట చేరాలి, ఒకరినొకరు ఎరిగినవాళ్లు ఒకరికొకరు పూచీ పడాలి, అప్పు తక్కువ వడ్డీకి దొరకాలి. మిషన్ భిక్ష మీద నడిచేది కాదు, సభ్యుల సొంత డబ్బు మీద నడిచేది. ఆ తేడా పెద్దది. దానం తీసుకున్నవాడు చేయి చాచాలి, సంఘంలో సభ్యుడు లెక్క అడగొచ్చు.

పరిమితులు కూడా చెప్పుకోవాలి. సంఘం కథోలికులకే పరిమితం. అదే ఊళ్లో, అదే షావుకారుకు బాకీ ఉన్న సర్నా ముండాకు అందులో చోటు లేదు. పెద్దరికం ఫాదర్ల చేతుల్లోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్ అయినందుకు 1915లో ఆయన్ను దేశం నుంచి పంపించేశారు. ట్రియర్ నగరంలో ఉండి ముండా విజ్ఞాన సర్వస్వం రాస్తూనే 1928లో కన్నుమూశారు. ఆ సంపుటాలు ఆయన పోయాక పట్నాలో అచ్చయ్యాయి.

మిగిలిన బాకీ

2016లో జార్ఖండ్ ప్రభుత్వం ఛోటానాగ్‌పూర్ చట్టాన్ని సడలించబోయింది. ఆదివాసీలు రోడ్డెక్కారు. అప్పటి గవర్నర్ ద్రౌపది ముర్ము బిల్లును వెనక్కి పంపారు, 2017లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. మన ఏజెన్సీలోనూ ఇదే కథ. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీకి, భూ బదలాయింపుకు హద్దు పెట్టింది. తర్వాత 1/70 వచ్చింది. చట్టం ఉన్నా కాపలా ఆదివాసీలే కాయాల్సి వస్తోంది. షావుకారు రూపం మార్చుకుని మైక్రోఫైనాన్స్‌గా వస్తే 2010లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆ వసూళ్ల భయం దళిత వాడల ఆడవాళ్లకు బాగా తెలుసు.

హాఫ్‌మన్‌ను దేవుడిని చేయనక్కర్లేదు. ముండాల భూమిని కాపాడింది ముందు ముండాల పోరాటమే. ఆయన్ను చూసి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అప్పు పాపమని బోధించి ఆయన ఊరుకోలేదు, భూమి చట్టం దాకా, పరపతి సంఘం దాకా వెళ్లారు. తెలుగు నేల మీద కథోలిక విశ్వాసుల్లో అత్యధికులు దళితులు. న్యాయమైన కూలి గురించి రోమ్ రాసి 130 ఏళ్లు దాటింది. ఆ మాటను మన మిషన్ బడుల్లో ఊడ్చేవాళ్ల జీతంలో, మిషన్ భూముల కౌలులో, చర్చి పెద్దరికంలో దళితుల వాటాలో వెతికి చూడాలి. ఆ లెక్క అడిగే హక్కు సభ్యులది.