చీకటి యింటిని చూచిన కవయిత్రి

పారశీక కవిత్వమనగానే తెలుగు పాఠకునకు ఉమర్ ఖయ్యామ్ స్ఫురించును. దువ్వూరి రామిరెడ్డిగారు ఆ భాష నేర్చి, ఖయ్యామ్ రుబాయీలను ‘పానశాల’గా తెలుగు చేసిన నాటినుండి ఆ దేశపు గులాబితోటలు మనకు పరాయివి కావు. ఆ తోటలలో స్త్రీ సౌందర్యము వర్ణింపబడును. స్త్రీ మాత్రము తరచుగా పలుకదు. ఇరువదవ శతాబ్ది నడుమ అదే భాషలో ఒక యువతి పలికెను. ఆమె పేరు ఫొరూగ్ ఫర్రోఖ్‌జాద్. పర్వీన్ ఎతెసామీ వంటి కవయిత్రులు ఆమెకు ముందు లేకపోలేదు. కాని ఆడుది తన యింట, తన మనసున అనుభవించిన దానిని దాపరికము లేక కవితావస్తువు గావించినవారిలో ఫొరూగ్ అగ్రగణ్య. ముప్పదిరెండేండ్లకే ముగిసిన జీవితములో ఆమె చేసిన గొప్పపని మరియొకటి కలదు. అది ఒక సినిమా. దాని నిడివి అరగంట యైనను లేదు.

సంప్రదాయనిష్ఠ గల ముస్లిం సమాజములలో బాలికల బ్రదుకును, మతమును చూపు చిత్రములు నేడు లోకమున పెక్కు కలవు. వానిలో కొన్నింటికి ముసుగుతోనే కథ మొదలు, ముసుగుతోనే ముగింపు. ముసుగు వెనుకనున్న మనిషి వానికి పట్టదు. మరికొన్ని చిత్రములు ఆ మనిషిని వెదకికొనుచు ఇంటిలోనికి పోవును. ఇరానులో ఈ రెండవ త్రోవ వేసినవారిని లెక్కించునప్పుడు ఫొరూగ్‌ను ముందుగా తలపవలసి యున్నది. ఆమెకా చూపు ఎట్లు అలవడినదో తెలియవలెనన్న ఆమె జీవితమును తెలిసికొనవలయును.

ఫొరూగ్ 1934–35 శీతకాలమున టెహరాన్ నగరమున జన్మించెను. తండ్రి సైన్యములో కర్నలు. ఏడుగురు సంతానములో ఆమె మూడవది. ఆమెకు ఏడాది నిండిన దినములలోనే, 1936 జనవరిలో, రెజా షా ప్రభుత్వము స్త్రీలు ముసుగుతో వీధిలోనికి రారాదని ఆజ్ఞాపించెను. పోలీసులు దారిని పోవు స్త్రీల చాదరులను లాగివేసిరి. ముసుగు లేక బయటకు వచ్చుటకు మనసొప్పని స్త్రీలు ఎందరో గడప దాటుటయే మానుకొనిరి. 1941లో రెజా షా గద్దె దిగిన పిదప ఆ నిర్బంధము సడలెను. 1979 విప్లవము తరువాత వచ్చిన ప్రభుత్వము, ముసుగు ధరించి తీరవలయునని శాసించెను. ఒకరు తీయుమనిరి, ఒకరు వేయుమనిరి. ఆమెను అడిగిన వారు లేరు.

కర్నలుగారి యింట క్రమశిక్షణ సైనిక పద్ధతిని సాగెడిది. అయినను ఆ యింట పుస్తకములకు లోటు లేదు. ఫొరూగ్ తొమ్మిదవ తరగతి వరకు చదివి, పిమ్మట బాలికల కళాశిక్షణాలయమున చిత్రలేఖనమును, కుట్టుపనిని నేర్చెను. పదునారవ యేట, తనకంటె పదియేండ్లకు పైగా పెద్దవాడైన పర్వీజ్ షాపూర్ అను బంధువును వివాహమాడెను. ఆయన తరువాతి కాలమున హాస్యరచయితగా పేరొందెను. దంపతులు దక్షిణమున చమురుబావుల సీమకు చెందిన అహ్వాజ్ నగరమున కాపురముండిరి. 1952లో వారికి కామ్యార్ అను కుమారుడు కలిగెను. 1955లో ఫొరూగ్ తొలి కవితాసంపుటి వెలువడెను. దాని పేరునకు తెలుగున ‘బందీ’ యని అర్థము.

ఆ నడుమనే కాపురము విచ్ఛిన్నమయ్యెను. నాటి ఇరాను చట్టము ప్రకారము విడిపోయిన తల్లి వద్ద మగబిడ్డ రెండేండ్ల వరకే యుండవచ్చును. ఆడుబిడ్డ ఏడేండ్ల వరకు. పిమ్మట బిడ్డ తండ్రి పక్షమునకు చెందును. కామ్యార్‌కు అప్పటికే ఆ వయసు దాటినది. తల్లికి బిడ్డ దక్కలేదు. చూచుటకు సైతము అరుదుగానే వీలు చిక్కెను. ఈ ఎడబాటు ఆమె కవితలలో పలుమారులు వినిపించును.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలసి యున్నది. ఫొరూగ్‌ను బాధించినది మతచ్ఛాందసము మాత్రమే యనుకొన్న పొరపాటు. ఆడుదాని ప్రణయానుభవమును ఆమె తన పేరుతో కవితగా ప్రకటించినప్పుడు మతనిష్ఠులు మండిపడిన మాట నిజమే. కాని ఆ కవితను అచ్చొత్తినవి రాజధానిలోని అధునాతన పత్రికలు. ఆమె బ్రదుకును వదంతిగా మార్చి అమ్ముకొన్నవియు అట్టి పత్రికలే. ముసుగు విడిచి పాశ్చాత్య వేషము వేసిన నాగరికులు సైతము ఆమె కవితను చదువుటకు బదులు ఆమె నడతను తూచిరి. తండ్రి గౌరవము, చట్టము, లోకుల నోరు, ఈ మూడును కూడి అల్లిన గోడ అది. 1955లో ఆమె మనోవ్యాధికి లోనై చికిత్స పొందెను. మరుసటి యేడు ఐరోపాకు పోయి కొన్ని నెలలు గడిపి వచ్చెను. 1956లో ‘గోడ’, 1958లో ‘తిరుగుబాటు’ అను అర్థము గల పేర్లతో రెండు సంపుటములు వెలువడెను. ఈ కడపటి గ్రంథమున దేవునితో వాదించు దీర్ఘకవితలు కలవు. దేవుడు లేడనువారు దేవునితో వాదింపరు. ఈ సంగతి మరచినచో ఆమె సినిమా అర్థము కాదు.

1958లో ఆమెకు రచయిత, చిత్రనిర్మాత యగు ఇబ్రాహీం గొలెస్తాన్‌తో పరిచయమయ్యెను. ఆయన స్టూడియోలో ఆమె మొదట చిన్న ఉద్యోగమున చేరెను. ఆయన వివాహితుడు. వారి స్నేహమును గూర్చి లోకము మరల గుసగుసలాడెను. ఆమె మాత్రము పని నేర్చుకొనెను. 1959లో ఇంగ్లండు పోయి చిత్రనిర్మాణ విధానమును అభ్యసించెను. అహ్వాజ్ ప్రాంతమున ఒక చమురుబావి అంటుకొని రెండు నెలలకు పైగా మండగా, ఆ దృశ్యములతో గొలెస్తాన్ నిర్మించిన ‘ఒక అగ్ని’ అను చిత్రమునకు ఆమె కూర్పు చేసెను. అది 1961లో వెనీసున బహుమతి నందెను. కూర్పరికి కావలసిన గుణము ఏది ఉంచవలయునో, ఏది విడువవలయునో తెలియుట. కవికి కావలసినదియు అదియే గదా!

1962 శరదృతువున, కుష్ఠురోగుల సహాయ సంఘము కొరకు ఒక చిత్రము తీయు పని గొలెస్తాన్ స్టూడియోకు వచ్చెను. ఆ బాధ్యత ఫొరూగ్ వహించెను. వాయవ్య ఇరానున తబ్రీజ్ నగరమునకు చేరువ బాబాబాగీ యను కుష్ఠురోగుల నివాసము కలదు. ఆమె కొలదిమంది సహాయకులతో అచ్చటికి పోయి, పండ్రెండు దినములలో చిత్రీకరణ ముగించెను. ఆమె వారిని తాకెను. వారి పిల్లలతో ఆడెను. కనుకనే వారు కెమెరా ముందు ముఖము త్రిప్పుకొనలేదు. ఇరువది నిమిషములకు కొంచెము మించిన ఈ చిత్రము పేరు ‘ఖానే సియాహ్ అస్త్’. అనగా ‘ఇల్లు నల్లగా నున్నది’.

చిత్రారంభమున ఒక స్త్రీ అద్దములో తన ముఖమును చూచుకొనుచుండును. తలపై ముసుగు కలదు. ముఖమును వ్యాధి తినివేసినది. కెమెరా ఆ అద్దమునకు మెల్లగా చేరువగును. మనకు చూపు మరల్చుకొన బుద్ధి పుట్టును. ఆ స్త్రీ మాత్రము చూపు మరల్చదు. ఆ తరువాత బాలికల తలలు దువ్వు చేతులు కనుపించును. ఒకతె కన్నులకు కాటుక దిద్దుకొనును. పెండ్లి జరుగును, పాట వినిపించును. తల్లులు పాలిత్తురు, పిల్లలు బంతి యాడుదురు. వికృతమైనదని లోకము త్రోసివేసిన చోట అలంకరణమున్నది, సిగ్గున్నది, ఆశ యున్నది. జాలి గొల్పుటకు వారి పుండ్లను చూపి, మరుక్షణమే వారి బ్రదుకును చూపకుండ విడుచు పద్ధతి ఆమెకు నచ్చలేదు.

చిత్రమున రెండు గొంతులు వినిపించును. పురుషుని గొంతు వైద్యుని వలె శాస్త్రము చెప్పును: ఈ వ్యాధి పేదరికమును వెంటాడునది, చికిత్స చేసిన నయమగునది. రెండవది ఫొరూగ్ గొంతు. ఆమె బైబిలు పాతనిబంధనలోని కీర్తనల ధోరణిలో, ఖురాను భావములను కలుపుకొని, మెల్లగా విలపించును. ఆ గొంతుల నడుమ రోగులు మసీదున వరుసగా నిలిచి నమాజు చేయుదురు. వ్రేళ్లు లేని చేతులు ఆకాశము వైపు లేచును. ఇక్కడ ఫొరూగ్ మతమును వెక్కిరింపలేదు. మతము పేరిట వారిని ఓదార్చి పంపివేయనూ లేదు. ఆ ప్రార్థన వారికి ఊరటయా, అలవాటా, ఫిర్యాదా యను ప్రశ్నను ప్రేక్షకుని యెదుట ఉంచి ఊరకుండెను. ఒక సమాజపు మతమును సినిమా చూపవలసిన తీరు ఇదియే యని నా తలంపు. తీర్పరి చేతిలో మతము సాక్ష్యమగును. కవి చేతిలో అది మనిషి ఊపిరి యగును.

ఉపాధ్యాయులు ముఖ్యముగా చూడదగినది ఇందులోని తరగతిగది. చిత్రము మొదటను, చివరను ఆ గది కలదు. మొదట వ్యాధిగ్రస్తులైన బాలురు వాచకము తెరచి, కన్నులిచ్చినందుకు, చేతులిచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పు పాఠమును బిగ్గరగా చదువుదురు. చివర ఉపాధ్యాయుడు, తలిదండ్రులనిచ్చినందుకు దేవునికి ఏల వందనము చేయవలయునని ఒక బాలుని అడుగును. తనకిద్దరును లేరు కనుక తెలియదని వాడు బదులు చెప్పును. అందమైన వస్తువులు చెప్పుమన్న ఒకడు చంద్రుని, సూర్యుని, పువ్వును, ఆటను చెప్పును. అందము లేనివి చెప్పుమన్న మరియొకడు చేయి, కాలు, తల అనును, తరగతి నవ్వును. కడపట ఇల్లు అను పదముతో వాక్యము వ్రాయుమనగా, ఒక విద్యార్థి నల్లబల్ల కడ చాలసేపు నిలిచి ఆలోచించి, చిత్రమునకు పేరైన ఆ వాక్యమును వ్రాయును. ఉపాధ్యాయుడు దుష్టుడు కాడు. తన విధిని తాను చేయుచున్నాడు. వాచకమునకే తన విద్యార్థు లెవరో తెలియదు.

ఈ చిత్రము 1963లో జర్మనీయందలి ఓబర్‌హౌసెన్ లఘుచిత్రోత్సవమున బహుమతి పొందెను. బాబాబాగీ నుండి ఫొరూగ్ వెంట తెచ్చుకొన్నది మరొకటి కలదు. ఆ నివాసములోని రోగుల బిడ్డడైన హుస్సేన్ అను బాలుని ఆమె తలిదండ్రుల సమ్మతితో టెహరాన్‌కు తెచ్చి పెంచుకొనెను. చట్టము ఆమె చేతినుండి ఒక కుమారుని తీసికొన్నది. ఎవరును చేరదీయని చోట ఆమెకు మరియొక కుమారుడు దొరికెను. ఒకరి స్థానమును మరియొకరు నింపుదురని దీని భావము కాదు. కామ్యార్ కొరకైన ఆమె తపన చివరివరకు తీరలేదు.

1964లో వెలువడిన ‘మరియొక జననము’ అను సంపుటితో ఆమె ఆధునిక పారశీక కవులలో మొదటి వరుసకు చేరెను. స్వీయదుఃఖముతో మొదలైన గొంతు ఇందులో వీధిని, నగరమును, ఎదుగుచున్న ఆడుపిల్లల నిశ్శబ్దమును తనలో చేర్చుకొనినది. సినిమా నేర్పిన చూపు కవితలోనికి వచ్చినదని చెప్పవచ్చును. 1967 ఫిబ్రవరిలో ఆమె టెహరాన్‌లో తానే కారు నడుపుకొని పోవుచు, ఎదురైన బండిని తప్పింపబోయి ప్రమాదమునకు గురియై మరణించెను. మంచు కురియుచుండగా జహీరుద్దౌలా శ్మశానమున ఆమెను ఖననము చేసిరి. అదే సంవత్సరమున ఇరానులో కుటుంబ రక్షణ చట్టము వచ్చి, విడాకులను, బిడ్డల సంరక్షణను న్యాయస్థానముల విచారణకు తెచ్చెను. 1979 తరువాత ఆ చట్టమును పక్కన పెట్టిరి. ఫొరూగ్ కవిత్వమునకు సైతము కొంతకాలము నిషేధము తప్పలేదు.

విప్లవానంతరము, తెరపై స్త్రీ సొంత యింట నున్నను తల కప్పుకొని తీరవలయునను నిబంధన వచ్చెను. అయినను ఇరాను దర్శకులు బాలికల బ్రదుకును చూపుట మానలేదు. సమీరా మఖ్మల్‌బాఫ్ తన పదునేడవ యేట తీసిన ‘ఆపిల్’ (1998) చిత్రమున, పేద తండ్రి ఏండ్ల తరబడి యింట బంధించిన కవలబాలికల కథ కలదు. ఆ కుటుంబమువారే అందులో తమ పాత్రలను ధరించిరి. ఆ తండ్రి రాక్షసుడుగా కాక, భయపడిన ముసలివాడుగా కనుపించును. మర్జియే మెష్కినీ తీసిన ‘నేను స్త్రీనైన దినము’ (2000) అను చిత్రమున, తొమ్మిదేండ్లు నిండిన హవా అను బాలిక మధ్యాహ్నమునుండి చాదరు ధరించి ఆటలు మానవలెను. ఆమె ఇసుకలో పుల్ల నాటి, దాని నీడ కురుచయగుటను చూచుచు, మిగిలిన బాల్యమును కొలుచుకొనును. అబ్బాస్ కియారొస్తామీ 1999లో తీసిన చిత్రమునకు ఫొరూగ్ కవితనుండియే పేరు గ్రహించెను. అందులో చీకటి కొట్టములో ఆవును పిదుకు పల్లెపడుచునకు ఒక నగరవాసి ఆ కవితను వినిపించును. దర్శకుడు ఆ పిల్ల ముఖమును మనకు చూపలేదు. చూపింపని ఆమె ఇష్టమును మన్నించెను.

ముఖము చూపుటలోను, చూపకుండుటలోను మర్యాద ఒక్కటే: ఎదుటివారిని మనిషిగా నెంచుట. ఆ మర్యాదను ఫొరూగ్ బడిలో నేర్వలేదు. పదిమంది తన వంక వ్రేలు చూపిన దినములలో నేర్చెను. కనుకనే లోకము తలుపు మూసిన చోటికి పోయినప్పుడు ఆమె వ్రేలు చూపలేదు. అద్దము ముందు నిలిచిన ఆ స్త్రీ ప్రక్కన తానును నిలిచి చూచెను.